ఉక్కునగరంలో పౌరశాస్త్రం

భిలాయ్ ఉక్కునగరంలో వీధిదీపం వెలగకపోతే బాధ్యత ఎవరిది? పాఠం చదివిన విద్యార్థి మునిసిపాలిటీది అంటాడు. అతడి తండ్రి మాత్రం కర్మాగార యాజమాన్యం నడిపే పట్టణ సేవల విభాగానికి ఫిర్యాదు చేస్తాడు. సెక్టార్లలో తండ్రి మాటే ఆచరణలో నిజం. దేశమంతటికీ ఉద్దేశించిన పాఠ్యపుస్తకం ఈ వైరుధ్యాన్ని వివరించజాలదు. ఉపాధ్యాయుడు వివరించకపోతే పౌరశాస్త్రం మార్కుల సబ్జెక్టుగానే మిగిలిపోతుంది.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇళ్లు, రోడ్లు, ఆసుపత్రి, బడులు కూడా యాజమాన్యమే సమకూర్చింది. ఉపాధి కోసం వలసవెళ్లిన తెలుగు కుటుంబాలు సహా ఎన్నో కుటుంబాలు ఈ నీడలోనే పిల్లలను పెంచాయి. నగరపాలక సంస్థ వచ్చింది 1998లో. రిసాలీ దాని నుంచి 2019లో విడిపోయింది. 2021 డిసెంబర్‌లో రెండింటికీ ఎన్నికలు జరిగాయి. సెక్టార్ల వాసులు కార్పొరేటర్‌ను ఎన్నుకుంటారు, నీటికోసం యాజమాన్యాన్ని అర్థిస్తారు. ఓటు ఒకరికి, విన్నపం మరొకరికి!

ఇది భిలాయ్‌కే పరిమితమైన చిక్కు కాదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలను తప్పనిసరి చేస్తూనే, పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటును 243-క్యూ అధికరణంలో ఉంచింది. జంషెడ్‌పూర్ విషయంలో ఈ వివాదం ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో నలిగింది. స్థానిక స్వపరిపాలన గురించి ఉక్కునగరపు బాలలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఉంటుందా?

సివిక్స్ స్థానంలో రాజనీతి శాస్త్రం రావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. దరిమిలా వచ్చిన పుస్తకాలు నిర్వచనాలు తగ్గించి ఉదంతాలకు చోటిచ్చాయి. పదో తరగతిలో ప్రజా పోరాటాల అధ్యాయం నేపాల్ ఉద్యమాన్నీ, బొలీవియా నీటి పోరాటాన్నీ వివరించేది. పాఠ్యభారం తగ్గింపు పేరిట 2022-23లో దానిని తొలగించడం శోచనీయం. అయితే భిలాయ్ విద్యార్థి పోరాటాల కోసం బొలీవియా దాకా వెళ్లనక్కర లేదు. కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఈ పట్టణంలోనే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో పదిమందికి పైగా మరణించారు. హత్య కేసులో 1997లో సెషన్స్ కోర్టు విధించిన శిక్షలను 1998లో మధ్యప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. 2005లో సుప్రీంకోర్టు ఒకరికి మాత్రమే యావజ్జీవ శిక్ష విధించింది. సమ్మె హక్కు, పోలీసు అధికారం, మూడంచెల న్యాయవ్యవస్థ — ఈ మూడూ ఒక్క ఉదంతంలో ఇమిడి ఉన్నాయి.

బడిలోకి రాజకీయాలు వస్తాయన్నది పరిపాటిగా వినవచ్చే అభ్యంతరం. యాజమాన్యం వద్ద జీతం తీసుకునే ఉపాధ్యాయుడు జంకడం కూడా సహజమే. కానీ కోర్టు తీర్పును చదివించడం పక్షపాతం ఎలా అవుతుంది? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ప్రభుత్వరంగ సంస్థలకూ వర్తిస్తోంది. తరగతిలో ఒక నమూనా దరఖాస్తు రాయించడానికి బడ్జెట్ అవసరం లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఓటు వయస్సు 1989లో 18 ఏళ్లకు తగ్గింది. పదో తరగతి విద్యార్థికి ఆ అర్హత రావడానికి రెండు మూడేళ్లే వ్యవధి. ఇంతలో తండ్రి ఉద్యోగ విరమణ చేస్తాడు. క్వార్టర్ ఖాళీచేసి కుటుంబం సెక్టార్లు దాటి ఏ సుపేలాకో, రిసాలీకో మారుతుంది. అక్కడ కుళాయి ఎండిపోతే కర్మాగారం పలకదు. ఆ ఇంటివారు నగరపాలక కార్యాలయం మెట్లు తొలిసారి ఎక్కేది అప్పుడే.