పచ్చిక ప్రజలది, ప్రవేశం కొందరిది

2025 అక్టోబర్‌లో దేశ రాజధాని ప్రపంచ గోల్ఫ్ పటంలో చేరిందని మనం ఘనంగా చాటుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచి, నాలుగు మేజర్ టైటిళ్లనూ సాధించిన ఆరుగురు పురుషులలో ఒకడిగా నిలిచిన రోరీ మెకిల్‌రాయ్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఆడేందుకు వచ్చాడు. బహుమతి మొత్తం 40 లక్షల డాలర్లు. గెలిచింది ఇంగ్లండ్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్. అంతకుముందు ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ముగిసిన ఆసియన్ టూర్ పోటీని అమెరికన్ ఓలీ ష్నైడర్‌జాన్స్, మార్చిలో ఇండియన్ ఓపెన్‌ను స్పెయిన్‌కు చెందిన యుహేనియో చకార్రా, అక్టోబర్‌లోనే మహిళల ఇండియన్ ఓపెన్‌ను సింగపూర్‌కు చెందిన షానన్ టాన్ గెలుచుకున్నారు. నాలుగు ట్రోఫీలూ సముద్రాలు దాటి వెళ్లిపోయాయి.

విదేశీయులు గెలిచారన్నది నా ఫిర్యాదు కాదు. ఆటలో గెలుపోటములు సహజం. 140 కోట్ల జనాభాలో ఈ ఆట ఆడే అవకాశం ఎందరికి దక్కింది, ఆ అవకాశం ఎవరి భూమి మీద, ఎవరి దయ మీద ఆధారపడి ఉందన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. అది క్రీడా పేజీలకు పరిమితం కాదు. నిఖార్సయిన రాజకీయ ప్రశ్న.

లుట్యెన్స్ ఢిల్లీ నడిబొడ్డున, పార్లమెంటుకు, సుప్రీంకోర్టుకు కూతవేటు దూరంలో 179 ఎకరాలలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ విస్తరించి ఉంది. అది ప్రభుత్వం లీజుకిచ్చిన భూమి. మొఘలుల కాలం నాటి సమాధులు ఆ పచ్చిక మధ్యనే ఉన్నాయి. సభ్యత్వం కోసం దరఖాస్తు చేసిన వారు దశాబ్దాల తరబడి ఎదురుచూడడం అక్కడ మామూలు. మంత్రులు, న్యాయమూర్తులు, కార్యదర్శులు, పారిశ్రామికవేత్తలు సాయంకాలం కలుసుకునే ఆ ఆవరణలో దేశ విధానాల గురించి ఎన్ని మాటలు దొర్లి ఉంటాయో ఊహించుకోవచ్చు. 2017 జూన్‌లో మేఘాలయ సంప్రదాయ వస్త్రం జైన్‌సెమ్ ధరించి అతిథిగా వచ్చిన ఒక ఖాసీ మహిళను అక్కడి భోజనశాల నుంచి బయటకు పంపిన ఉదంతం దేశమంతటా చర్చకు వచ్చింది. ప్రభుత్వ భూమిలో ఈ దేశపు కట్టుబొట్టుకే చోటు లేకపోవడం కంటే విడ్డూరం ఏముంటుంది?

ఆ ఆవరణకు కీర్తి తెచ్చింది ఎవరో చూడండి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ ప్రొఫెషనల్‌గా చరిత్రకెక్కిన అలీ షేర్ అక్కడ సభ్యుల సంచులు మోసిన క్యాడీ. 2008లో అదే మైదానంలో ఇండియన్ మాస్టర్స్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా, రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి సంరక్షించే కార్మికుడి కుమారుడు. పొరుగు దేశాలదీ ఇదే కథ. బంగ్లాదేశ్‌కు చెందిన సిద్దికుర్ రహమాన్ ఢాకాలో బంతులు ఏరుతూ, సంచులు మోస్తూ ఎదిగి 2016లో రియో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించాడు. నేపాల్ అమ్మాయి ప్రతిమా షెర్పా కాఠ్మాండూ గోల్ఫ్ మైదానంలో పరికరాలు దాచే షెడ్డులో పెరిగింది. దక్షిణాసియాలో ఈ ఆటకు గర్వకారణమైన వారిలో ఎందరో దొడ్డిదారిన లోపలికి వచ్చినవారే. సింహద్వారం మాత్రం ఇప్పటికీ వారి పిల్లలకు తెరుచుకోలేదు.

సైన్యం సంగతి మరొకటి. రక్షణ భూముల నిర్వహణపై 2010-11 నాటి నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 97 గోల్ఫ్ మైదానాలు 8,000 ఎకరాలకు పైగా రక్షణ భూమిలో ఉన్నాయని లెక్క తేల్చింది. కాగితాల మీద వాటి పేరు ‘పర్యావరణ ఉద్యానాలు, శిక్షణ ప్రాంతాలు’. పేరు మార్చినంత మాత్రాన గోల్ఫ్ కర్ర తుపాకీ అవుతుందా? అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. బధిర ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన దీక్షా డాగర్, యూరోపియన్ టూర్‌లో విజేతగా నిలిచిన శుభంకర్ శర్మ సైనికాధికారుల పిల్లలు. అంటే, తలుపు తెరిచి ఉన్న ఇళ్ల నుంచి విజేతలు వచ్చారు. సిపాయి పిల్లలకు, కంటోన్మెంటు పక్క బస్తీ పిల్లలకు అదే తలుపు తెరిస్తే ఎందరు వచ్చేవారు?

ఆటను నడిపే పెద్దలకు ఈ ఆలోచన లేదు. 2024 డిసెంబర్‌లో ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌కు రెండు వర్గాలు విడివిడిగా ఎన్నికలు జరిపి ఇద్దరు అధ్యక్షులను ఎన్నుకున్నాయి. భారత ఒలింపిక్ సంఘం అందులో ఒక వర్గానికి అండగా నిలిచింది. అమెచ్యూర్ ఆటను పెంచి పోషించవలసిన సంస్థ 2025లో అడుగుపెట్టింది ఈ కుర్చీల తగవుతోనే. ప్రొఫెషనల్ రంగంలో కపిల్ దేవ్ అధ్యక్షుడిగా ఉన్న పీజీటీఐకి పోటీగా, యువరాజ్ సింగ్ అండతో ఐజీపీఎల్ అనే కొత్త లీగ్ పుట్టుకొచ్చింది. 1983 నాటి ప్రపంచకప్ వీరుడు ఒక వైపు, 2011 నాటి వీరుడు మరో వైపు, నడుమ ఏ పక్షాన ఆడాలో తేల్చుకోవలసిన గోల్ఫర్లు. అదే అక్టోబర్‌లో దుబాయిలో థాయ్‌లాండ్ యువకుడు ఫీఫా లావోపక్డీ ఆసియా పసిఫిక్ అమెచ్యూర్ టైటిల్ గెలిచి మాస్టర్స్‌లో ఆడే హక్కు సంపాదించాడు. 2009లో మొదలైన ఆ పోటీలో ఇంతవరకు ఒక్క భారతీయుడూ విజేత కాలేదు.

తెలుగు నేల దీనికి మినహాయింపేమీ కాదు. గోల్కొండ కోటలో భాగమైన నయా ఖిలా ఇవాళ గోల్ఫ్ మైదానం మధ్య చిక్కుకుని ఉంది. మణికొండలో 500 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని గోల్ఫ్ మైదానం, విల్లాలు, కన్వెన్షన్ సెంటర్ పేరిట ఎమ్మార్ ప్రాజెక్టుకు అప్పగించిన తీరుపై 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు జరిగింది. విల్లా స్థలాల ధరలు తగ్గించి చూపి ప్రభుత్వ సంస్థకు నష్టం కలిగించారన్నది అభియోగం. అక్కడ గోల్ఫ్ పచ్చిక భూవ్యాపారానికి పట్టుపరదాలా పనికొచ్చింది.

గోల్ఫ్ మైదానాలు నగరాలకు ఊపిరితిత్తులని సమర్థకులు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఊపిరితిత్తుల చుట్టూ గోడ కట్టి, గాలి పీల్చేందుకు సభ్యత్వం అడగడం ఏ వైద్యశాస్త్రం? ఈ క్లబ్బుల సంస్కృతి బ్రిటిష్ వారసత్వం అంటారు. ఆ వారసత్వాన్నయినా పూర్తిగా తెచ్చుకున్నామా? గోల్ఫ్ పుట్టినిల్లుగా చెప్పే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ప్రజల ఉమ్మడి భూమి. 1974 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం ఒక ట్రస్టు దాన్ని నడుపుతుంది. లాటరీలో పేరొస్తే సామాన్యుడైనా రుసుము కట్టి ఆడవచ్చు. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు, ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చిక మీద తిరుగుతారు. తెల్లదొర తన ఊళ్లో ఉమ్మడిగా ఉంచుకున్నదాన్ని మన నల్లదొర ఇక్కడ సొంతం చేసుకున్నాడు.

ఇక్కడ అది సాధ్యం కాదనడానికీ వీల్లేదు. ఢిల్లీలోనే కుతుబ్ గోల్ఫ్ కోర్సును ఢిల్లీ అభివృద్ధి సంస్థ ప్రజల కోసం నడుపుతోంది. రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టాన్ని ఆమోదించింది. క్రీడా సంఘాల ఎన్నికలు, వివాదాల పరిష్కారం గురించి అందులో ఏర్పాట్లు ఉన్నాయి. కుర్చీల తగవు తీర్చడానికి చట్టం చేసిన ప్రభుత్వానికి, లీజు పత్రంలో నాలుగు షరతులు చేర్చడం కష్టమా? ప్రభుత్వ భూమిలో ఉన్న ప్రతి క్లబ్బూ చెల్లించే అద్దెను బహిరంగంగా ప్రకటించాలి. వారంలో రెండు ఉదయాలు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కేటాయించాలి. క్యాడీలు, తోట కార్మికుల పిల్లలకు ఆడే హక్కును రాసివ్వాలి. కంటోన్మెంటు మైదానాలు సిపాయి పిల్లలకూ, ఇరుగుపొరుగు బడులకూ తెరుచుకోవాలి. వీటికి ఒప్పుకోని క్లబ్బు మార్కెట్ ధరకు స్థలం కొనుక్కుని తన గోడలు తాను కట్టుకోవచ్చు.

2021 ఆగస్టు 7న అదితి అశోక్ టోక్యోలో ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం చేజార్చుకుంటుంటే, అంతకు ముందు ఏనాడూ గోల్ఫ్ చూడని వారు కూడా తెల్లవారుజామునే టీవీల ముందు కూర్చున్నారు. 2036 ఒలింపిక్స్ కావాలని కోరుతున్న పాలకులు ఆ జనాన్ని ప్రేక్షకులుగా లెక్కపెట్టుకుంటే సరిపోదు. ఆ పచ్చికకు హక్కుదారులు కూడా వారేనని గుర్తించాలి. లీజుల మీద సంతకం పెట్టేది ప్రభుత్వమే కనుక, తలుపు తాళం చెవి ఇప్పటికీ ప్రభుత్వం చేతిలోనే ఉంది.