బండ కింద పాతిపెడితే సరిపోతుందా?

భూమి లోతున గట్టి బండ చూసి పాతిపెడితే అణు వ్యర్థాల పీడ వదులుతుందని చాలామంది అంటారు. అది సగం మాటేనని నా అభిప్రాయం. ఏ మూలకం, ఏ రాయి, ఏ నీరు అని అడగకుండా అవుననీ కూడదు, కాదనీ కూడదు.

సీజియంనే తీసుకోండి. కొన్ని రకాల బంకమట్టి రేణువులు అభ్రకంలా పొరలు పొరలుగా ఉంటాయి. సీజియం వాటి మధ్య దూరి ఇరుక్కుపోతుంది. అయొడిన్ సంగతి వేరు. దానికి ఋణావేశం, ఖనిజాల ఉపరితలానికీ ఎక్కువగా ఋణావేశమే. ఇక పొసిగేదెలా? నీటివెంట సాగిపోతుంది. అయొడిన్-129 అర్ధాయువు సుమారు 1.57 కోట్ల సంవత్సరాలు!

యురేనియానిది రెండు ముఖాల వ్యవహారం. ఆక్సిజన్ తగిలితే నీటిలో కరుగుతుంది. ఆక్సిజన్ లేని లోతుల్లో, ఇనుప ఖనిజాల దగ్గర మళ్లీ గట్టిపడి ఆగుతుంది. గాబన్ దేశంలోని ఓక్లోలో దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం ఖనిజమే సహజ రియాక్టరుగా పనిచేసింది. 1972లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ సంగతి కనిపెట్టారు. అక్కడి ప్లుటోనియం పెద్దగా కదలకుండా పుట్టినచోటే క్షీణించింది. పాతిపెట్టడాన్ని సమర్థించేవారికి ఇది పెద్ద సాక్ష్యం, నేనూ ఒప్పుకుంటాను. అదే చోటినుంచి సీజియం, అయొడిన్ చాలావరకు జారిపోయాయన్నది మాత్రం వారు మెల్లగా చెబుతారు.

అమెరికాలోని నెవాడాలో 1968లో బెన్‌హామ్ అనే భూగర్భ అణుపరీక్ష జరిగింది. ప్లుటోనియం రాళ్లకు అంటుకుని కదలదనుకున్నారు. అది 1.3 కిలోమీటర్ల దూరాన బావి నీటిలో దొరికిందని 1999లో పరిశోధకులు ప్రకటించారు. అంటుకోవడం నిజమే, కాని అంటుకున్న మట్టి నలుసులే నీటిలో కొట్టుకుపోయాయి!

మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం డోలమైట్ సున్నపురాతిలో ఉంది. కార్బొనేట్ కలిసిన నీటిలో యురేనియం తేలిగ్గా కరుగుతుంది. ఖనిజంనుంచి దాన్ని రాబట్టేదీ ఆ గుణంతోనే. మిగిలిన బురద టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. ఇది రియాక్టరు వ్యర్థం కాదు, తీవ్రత ఎంతో తక్కువ. రసాయనం మాత్రం అదే. కాబట్టి బోరు నీళ్లు పరీక్షించమని అక్కడి రైతు అడిగితే దాన్ని చదువులేనివాడి భయమని కొట్టిపారేయకూడదు. ఫలితాలు ఏటా తెలుగులో పంచాయతీ గోడమీద అంటించాలి.

డిగ్రీలో జియాలజీ తీసుకుంటానన్న తమ్ముణ్ణి "ఉద్యోగం రాదురా" అని వెనక్కి లాగే సీనియర్లు మన హాస్టళ్లలో ఉన్నారు. ఆ రిపోర్టులు ఊరికి ఎవరు చదివి చెబుతారో వారే చెప్పాలి.