మూడో సిలిండర్ ఏం పాపం చేసింది?

నాలుగు సిలిండర్ల పెట్రోలు కారులో ఒకటి పని మానేస్తే ఆ సంగతి మెకానిక్ చెప్పనక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, గేర్ రాడ్డు తలాడిస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే పికప్ ఉండదు. షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ తగిలించి పీ0303 అని చూపిస్తారు. చివరి అంకె సిలిండర్ నంబరు. ‘మూడోది మిస్సింగ్ సార్, కాయిల్ పోయింది, మార్చేద్దాం’ అంటారు. మార్చినా తగ్గకపోతే ప్లగ్గులు. అవీ కాకపోతే ఇంజెక్టర్. ప్రతిసారీ జేబు మనదే.

ఆ వాక్యంలో మొదటి సగం స్కానర్ చెప్పింది. రెండో సగం మెకానిక్ కలిపింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ వ్యవస్థ తప్పనిసరి అయ్యాక మిస్‌ఫైర్‌ని కారే కనిపెట్టాలి. కనిపెట్టే పద్ధతి చాలా మామూలుది. ఏ సిలిండర్ మండినా క్రాంక్‌షాఫ్ట్ ఓ పిసరు వేగం పుంజుకుంటుంది. మూడోదాని వంతు వచ్చినప్పుడల్లా ఆ ఊపు తగ్గుతోందని క్రాంక్ సెన్సర్ ద్వారా తెలిస్తే ఇంజన్ కంప్యూటర్ (ఈసీఎం) కోడ్ రాసుకుంటుంది. హాజరు పట్టీలో గైర్హాజరు వేసినట్టే. కుర్రాడికి జ్వరమో, మేనమామ పెళ్లో పట్టీకేం తెలుసు? స్పార్క్ రాలేదా, పెట్రోలు అందలేదా, కంప్రెషన్ లేదా అన్నది మనిషే తేల్చాలి.

తేల్చడానికి మొదటి మెట్టులో పైసా సామాను కొనక్కర్లేదు. ప్రతి సిలిండర్‌కీ విడిగా కాయిల్ ఉన్న బండ్లలో మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి బిగించాలి. కోడ్ చెరిపేసి బండి నడపాలి. ఈసారి పీ0302 వచ్చిందా, దొంగ కాయిలే. మళ్లీ పీ0303 అందా, కాయిల్ నిర్దోషి. ప్లగ్గుకీ ఇదే పరీక్ష.

కాయిల్ పైకి లాగినప్పుడు ఆ గుంతలోకి లైటు వేసి చూడమనండి. వాల్వ్ కవర్ సీళ్లు అరిగి ఆయిల్ దిగి ఉండొచ్చు, వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీద పైపు పెట్టి కొట్టిన నీళ్లు నిలిచి ఉండొచ్చు. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్లగీత కనిపిస్తే, స్పార్క్ లోపలికి వెళ్లకుండా ఆ గీత వెంబడి బయటే పారిపోతోందన్నమాట. కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా దాని జోడీ గీత ఉంటుంది. ఒకటి మార్చి రెండోది ఉంచితే నెల తిరక్కుండా మళ్లీ అదే షెడ్డు.

నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరు పీకి చూసే పాత అలవాటు మాత్రం వద్దు. వేల వోల్టులు దారి దొరక్క కాయిల్‌నే కాల్చొచ్చు, చేతినీ పలకరించొచ్చు. దాని బదులు ఇంజెక్టర్ ప్లగ్ ఒక్కొక్కటే ఊడదీస్తే చాలు. ఏది ఊడదీసినప్పుడు ఇంజన్ చప్పుడు మారదో అదే పనిచేయని సిలిండర్. పొడవాటి స్క్రూడ్రైవర్ ఇంజెక్టర్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే టక్‌టక్ వినబడాలి. వినబడకపోతే ఇంజెక్టర్ మార్చే ముందు వైరింగ్ చూడాలి. వానాకాలంలో ఎలుకలకు బానెట్ కింద వెచ్చగా ఉంటుంది మరి.

ఇవన్నీ బాగుంటేనే కంప్రెషన్ గేజు. సీఎన్‌జీ కిట్ పెట్టిన బండైతే దీన్ని కాస్త ముందే చూడమంటాను. గ్యాస్ మీద వాల్వ్ సీట్లు త్వరగా అరుగుతాయి, వాల్వ్ పైకి జరిగి ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఆగినప్పుడు కొట్టుకునే బండి స్పీడ్ అందుకుంటే సర్దుకున్నట్టు ఉంటుంది. ట్యాపెట్ చప్పుడు లేదు కదా అని మనం సంతోషిస్తాం. గ్యాప్ లేకపోతే చప్పుడెక్కడిది! కంప్రెషన్ తక్కువ చూపిస్తే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే చాలావరకు వాల్వులే.

మెకానిక్కులకు ఇవేవీ తెలియవనుకోను. చాలామందికి బాగానే తెలుసు. డబ్బాలో వచ్చిన కాయిల్‌కి కిక్కురుమనకుండా వేలిస్తాం, గంటసేపు వెతికినందుకు మూడొందలడిగితే ‘ఉత్త చూసినందుకేనా?’ అని ఎగురుతాం. ఆ గంట కూలి కాయిల్ రేటులో దాక్కోక ఏం చేస్తుంది? చెకింగ్ చార్జీ ఇస్తాను, అటూ ఇటూ మార్చి చూశాకే కొత్తది వేయండి అని ముందే చెప్పేవాడికి బిల్లు తక్కువే అవుతుందని నా లెక్క.

బేరానికి వ్యవధి లేని సందర్భం ఒకటుంది. ఇంజన్ లైటు నిలకడగా వెలగకుండా ఆరుతూ వెలుగుతుంటే, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని అర్థం. అది వేడికి కరిగిపోతే అయ్యే ఖర్చు ముందు కాయిల్ ధర ఓ లెక్కే కాదు. ‘ఎలాగోలా ఇంటిదాకా’ అనుకోకుండా పక్కకు తీసి ఆపి, టోయింగ్ బండికి ఫోన్ చేయడమే చవక.