ఓ.పి. చీటీ వెనుక ఖర్చు

వైద్య సహాయం కోరుతూ మసీదు కమిటీలకు వచ్చే దరఖాస్తులను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. గుండె ఆపరేషన్‌కు అడుగుతారు, క్యాన్సర్ చికిత్సకు అడుగుతారు, కాలు విరిగితే లోపల వేసే రాడ్డుకు అడుగుతారు. డాక్టరుకు చూపించుకోవడానికి మూడు వందల రూపాయలు లేవని మాత్రం ఎవరూ దరఖాస్తు పెట్టరు. అంత చిన్న మొత్తం అడగడం నామోషీ. ఇచ్చేవారి కంటికి కూడా అది జకాత్ సొమ్ము వెచ్చించదగిన అవసరంగా ఆనదు. పెద్ద దరఖాస్తుల్లో చాలావాటి పుట్టుక మాత్రం ఆ చిన్న మొత్తంలోనే ఉంది.

గత రంజాన్ మాసంలో ఒక మహిళ కాగితాల సంచి పట్టుకుని మా వద్దకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతోంది. షుగరు ఉన్నదని తొమ్మిదేళ్ల క్రితమే తెలిసింది. సంచిలోని ఓ.పి. చీటీలన్నిటినీ తేదీల వరుసలో పేర్చి చూశాను. గుమాస్తాగా ఫైళ్లు పేర్చిన చేతికి అది పాత అలవాటు. తొలి ఏడాది నెలకొక చీటీ ఉంది. ఆపైన మూడు నెలలకొకటి. ఆ తరువాత రెండేళ్లపాటు ఒక్కటీ లేదు. ఆ రెండేళ్లూ ఏం చేశావమ్మా అని అడిగితే, "మందుల షాపులో పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకున్నాను భాయ్‌సాబ్. డాక్టరు దగ్గరికి పోతే ఫీజు మూడు వందలని తెలుసు. పరీక్షలు రాస్తే ఎంతవుతుందో, మందులకు ఎంతవుతుందో తెలియదు. ఎంతో తెలియని ఖర్చుకు గడప దాటేదెలా?" అన్నది. ఇప్పుడామెకు వారానికి రెండుసార్లు డయాలసిస్. దాని ఖర్చును ప్రభుత్వ పథకం భరిస్తోంది. ఆమె మమ్మల్ని అడిగింది ఆటో ఛార్జీలు.

నెలకొకసారి చూపించుకోవడానికి సాయపడని వ్యవస్థ, మూత్రపిండాలు చెడిన తరువాత జీవితాంతం డయాలసిస్ చేయిస్తోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. ఎన్నో ముస్లిం కుటుంబాలు దాని వల్ల అప్పుల ఊబి నుంచి బయటపడ్డాయి. కానీ స్థూలంగా అది ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు ఉద్దేశించిన పథకం. జ్వరానికో, బి.పి.కో, షుగరుకో వీధి చివరి క్లినిక్‌లో చూపించుకుంటే ఆ డబ్బు మన జేబులోంచే పోవాలి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం మీద ఆరోగ్యానికి అయిన ఖర్చులో 39.4 శాతం ప్రజలు నేరుగా చెల్లించినదే. 2013-14లో ఇది 64.2 శాతం. తగ్గిన మాట నిజమే. అయినా పూట గడవని ఇంటికి ఆ మిగిలిన భాగమే బరువు.

ఇంతకూ డాక్టరు ఫీజు ఎంత? మన పట్టణాల్లో ఈ ప్రశ్నకు ఒక జవాబు లేదు. ఆర్.ఎం.పి. వద్ద యాభయ్యో, వందో. సూది మందు అందులోనే. బస్తీలోని ఎం.బి.బి.ఎస్. డాక్టరు వద్ద నూటయాభై నుంచి మూడు వందలు. ఎం.డి. చదివినవారైతే నాలుగైదు వందలు. కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కితే ఎనిమిది వందలు, వెయ్యి, ఆపైన రిజిస్ట్రేషన్ పేరిట మరో వంద. కొందరు ఒకసారి ఫీజు తీసుకుంటే పదిహేను రోజుల వరకు మళ్లీ తీసుకోరు. కొందరికి ఆ గడువు వారమే. ఎనిమిదో రోజు రిపోర్టులు పట్టుకుని వెళితే మళ్లీ కొత్త చీటీ. ఫీజు తక్కువని వెళ్లి, రెండుసార్లు కట్టి వచ్చేవారు ఎందరో.

ఈ తేడాలన్నీ అన్యాయమని అనలేము. మెయిన్ రోడ్డు మీది గది అద్దె వేరు, గల్లీలోని గది అద్దె వేరు. మేనేజ్‌మెంట్ సీటుకు లక్షలు పోసి చదివిన యువ డాక్టరుకు ఆ అప్పు తీరాలి. సాయంత్రం నాలుగు గంటల్లో ఎనభై మందిని చూసేవారు నూరు రూపాయలకు చూడగలరు. ఒక్కొక్కరికి పావుగంట కేటాయించేవారు చూడలేరు. పెద్ద ఆసుపత్రిలో మనం కట్టే ఫీజులో డాక్టరుకు చేరేది కొంత భాగమే. ఇవన్నీ అర్థం చేసుకోదగిన కారణాలు. అర్థం కానిది, అర్థం కాకుండా ఉంచేది మరొకటి ఉంది. ఫీజు అనేది ఆ రోజు ఖర్చులో ఒక భాగం మాత్రమే. మిగతాది పరీక్షల్లో, మందుల్లో ఉంటుంది.

మా వీధిలో ఇద్దరు ఇరుగుపొరుగువారికి గత వర్షాకాలంలో ఒకే వారంలో జ్వరం వచ్చింది. ఒకరు నూటయాభై రూపాయల డాక్టరు వద్దకు వెళ్లారు. తొలిరోజే పక్క ల్యాబులో పదకొండు వందల పరీక్షలు, కింది మందుల షాపులో ఏడు వందల ఇరవై రూపాయల మందులు. మొత్తం పందొమ్మిది వందల డెబ్బై. రెండో వ్యక్తి బస్సెక్కి నాలుగు వందలు తీసుకునే డాక్టరు వద్దకు వెళ్లారు. ఆయన నిదానంగా పరీక్షించి, ఎనభై అయిదు రూపాయల మందులు రాసి, మూడు రోజుల్లో తగ్గకపోతే రక్త పరీక్ష చేయిద్దామన్నారు. మొత్తం నాలుగు వందల ఎనభై అయిదు. ఇద్దరికీ జ్వరం తగ్గింది. డెంగీ రోజుల్లో రక్త పరీక్ష అనవసరమని నేననను. వంద రూపాయలకే నిజాయితీగా చూసి, పేదవారి వద్ద అదీ తీసుకోని వృద్ధ డాక్టర్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వారికి సలాం. అయితే ఫీజు తక్కువ అయినంత మాత్రాన వైద్యం చవక కాదన్న సంగతి మన ఇళ్లలో ఇంకా తెలియవలసి ఉంది. ఫీజులో వదులుకున్నది ల్యాబు నుంచి కమీషన్‌గా రాబట్టుకునే పద్ధతి ఉన్నదని అందరికీ తెలుసు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళి ప్రకారం అది నిషిద్ధం.

ఆ నియమావళిలోనే మనకు పనికివచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. డాక్టరు తన ఫీజును, ఇతర ఛార్జీలను తన గదిలో బోర్డు మీద ప్రదర్శించాలి. చికిత్స మొదలుపెట్టాక కాక, ముందే ఫీజు చెప్పాలి. రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి. కేంద్రం 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆ చట్టం కింద 2012లో వచ్చిన నియమాలు ప్రతి సేవకూ తీసుకునే రేటును స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ అందరికీ కనిపించేలా రాసిపెట్టమంటున్నాయి. దీనిని అమలు చేయవలసిన జిల్లా అథారిటీకి కలెక్టరే అధ్యక్షుడు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. ఇక రశీదు సంగతి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది.

చట్టాలకు కొరత లేదు. బోర్డులకే కొరత. మా ప్రాంతంలో ఇటీవల నేను స్వయంగా వెళ్లి చూసిన పదకొండు క్లినిక్‌లలో ఫీజు రాసి ఉన్నవి రెండు. ఆ రెండూ ఇంగ్లీషులోనే. ఉర్దూ మాత్రమే చదవగలిగిన మన పెద్దలకు, ఏదీ చదవలేని మన తల్లులకు అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తెలంగాణ అంతటా 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. ఆ గౌరవం శాసనసభ కాగితాల మీద కంటే క్లినిక్ గోడ మీద కనిపిస్తే మన జనానికి ఎక్కువ మేలు.

మన స్త్రీల విషయంలో ధర మరో విధంగా పెరుగుతుంది. చాలా బస్తీల్లో అందుబాటులో ఉన్న ఏకైక లేడీ డాక్టరు గైనకాలజిస్టు. పురుష డాక్టరుకు చూపించుకోవడానికి ఇష్టపడని మహిళ దగ్గుకూ, తలనొప్పికీ కూడా అక్కడికే వెళుతుంది. వచ్చినది మామూలు జబ్బు, కట్టేది స్పెషలిస్టు ఫీజు. ఇంకా కొందరు అసలు వెళ్లకుండా ఊరుకుంటారు. దీనికి బురఖాను నిందించడం సులువు. ప్రతి బస్తీ కేంద్రంలో వారానికి కొన్ని రోజులైనా మహిళా డాక్టరును నియమించడానికి మాత్రం బడ్జెట్ కావాలి.

ప్రభుత్వ కేంద్రాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ చూపించుకోవడానికి డబ్బు అక్కరలేదు. రక్త నమూనాలు తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా పరీక్ష చేయిస్తారు. పైన చెప్పిన పదకొండు వందల పరీక్షలు కూడా అలా చేయించుకోగలిగినవే. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. వీటిని మన వాళ్లు తగినంతగా వాడుకోవడం లేదు. సర్కారు మందులు పనిచేయవన్న అపోహ ఒక కారణం, దాన్ని మనమే పోగొట్టాలి. రెండో కారణం మాత్రం వేళలు. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు, తోపుడు బండి మీద పండ్లు అమ్మే మనిషి పగటిపూట పని మానుకుంటే ఆనాటి కూలి పోతుంది. ఆరు వందల కూలి పోగొట్టుకుని చేయించుకునే ఉచిత వైద్యం, సాయంత్రం ఆరు తరువాత మూడు వందలు పెట్టి చేయించుకునే ప్రైవేటు వైద్యం కంటే ఖరీదైనది. లెక్క తెలిసినవాడు కాబట్టే అతడు ప్రైవేటుకు వెళుతున్నాడు. దీనికి తోడు కేంద్రాలు ఎక్కడ పెట్టారన్నది చూడాలి. ముస్లిం జనాభా అధికంగా ఉన్న గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తిచూపింది. అద్దె భవనం దొరకలేదన్న సాకుతో కేంద్రాన్ని మన వాడ నుంచి కిలోమీటరు అవతలికి తరలించిన ఉదంతం నాకు తెలుసు. దొరికే భవనాలను మసీదు, వక్ఫ్ కమిటీల ద్వారా మనమే చూపించి రాతపూర్వకంగా ఇవ్వాలి.

హైదరాబాదులో కొన్ని మసీదుల ఆవరణల్లో స్వచ్ఛంద సంస్థలు ప్రాథమిక వైద్య కేంద్రాలు నడుపుతున్నాయి. అన్ని మతాల వారూ అక్కడ చూపించుకుంటున్నారు. మిగతా ఊళ్ల కమిటీలు ఒకసారి వెళ్లి చూసిరావడం మంచిది. అంత శక్తి లేని కమిటీలు తమ జకాత్ నిధిలో కొంత భాగాన్ని, అర్హులైన షుగరు, బి.పి. రోగుల నెలవారీ ఫీజుకు, జనరిక్ మందులకు విడిగా కేటాయించవచ్చు. ఒక్క ఆపరేషన్‌కు ఇచ్చే యాభై వేలతో, నెలకు నాలుగు వందల చొప్పున లెక్కించినా, పది మందిని ఏడాదిపాటు డాక్టరు వద్దకు పంపవచ్చు. ఆపరేషన్లకు ఇవ్వవద్దని కాదు. వాటికి పథకాలు, దాతలు ఎంతోకొంత ఉన్నారు. దీనికి ఎవరూ లేరు.

ప్రభుత్వాల ముందు మేము పెడుతున్న కోరికలు పెద్దవి కావు. ప్రతి క్లినిక్‌లోనూ ఫీజు, రివ్యూ గడువు, ముఖ్యమైన పరీక్షల రేట్లు తెలుగు, ఉర్దూ భాషల్లో రాయించాలి. బస్తీ కేంద్రాలను వారంలో కనీసం మూడు రోజులు రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచాలి. మహిళా డాక్టర్ల నియామకాలు చేపట్టాలి. ఈ మేరకు రెండు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు ఇవ్వవలసిన వినతిపత్రం నమూనాను ఈ సంచిక చివరి పేజీలో ముద్రించాము. దానికి మీ బస్తీ క్లినిక్‌ల వివరాలు జతపరచండి. బోర్డు ఉన్నదా, ఏ భాషలో ఉన్నది, ఫీజు ఎంత, రివ్యూ ఎన్ని రోజులు, రశీదు ఇచ్చారా అన్న అయిదు సంగతులు చాలు. డాక్టర్ల పేర్లు రాయవద్దు. ఒక ప్రతిని మా కార్యాలయానికి కూడా పంపండి.