ఆ ఊళ్లో కొట్టు పెట్టి చూడండి

అమెరికా తెలుగు కథలు వరసగా ఓ పాతిక చదివితే ఆ దేశంలో పల్లెటూళ్లే లేవేమో అనిపిస్తుంది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా. ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి పాట్‌లక్‌లు. ఎప్పుడైనా ఊరు అన్న మాట వచ్చిందంటే అది గోదావరి పక్కదో, కరీంనగర్ అవతలిదో అయ్యుంటుంది. మొక్కజొన్న చేల మధ్య కారులో దూసుకుపోతూ రోజూ దాటే ఊరు మాత్రం మన కథకుడి కంట పడదు.

నేను ఏడేళ్లు ఒహాయోలో అలాంటి ఊళ్లో గ్యాస్ స్టేషనూ, దాన్నానుకుని ఓ కిరాణా కొట్టూ నడిపాను. ఒహాయోలో విలేజ్ అన్నది ముద్దుమాట కాదు, చట్టంలో మాట. జనాభా 5,000కి చేరితే సిటీ, అంతకు లోపుంటే విలేజ్. మా ఊళ్లో వెయ్యిమంది కూడా లేరు. ఒక ధాన్యం ఎలివేటరు, ఒక నీళ్ల ట్యాంకు, మూడు చర్చిలు, ఒక బారు. నా పేరు నోరు తిరక్క మొదటి అక్షరాలతో సరిపెట్టుకున్నారు. నేనూ ఊరుకున్నాను. పేరు కోసం పోట్లాడితే బేరం పోతుంది మరి.

ఇండియా వచ్చినప్పుడు సాహిత్యమిత్రులు రెండే ప్రశ్నలు అడిగేవాళ్లు. "అక్కడంతా రేసిస్టులు కదా, ఎలా ఉన్నావ్?" లేదంటే, "పల్లె మనుషులు, కల్లాకపటం ఉండదు, హాయి కదా?" రెండూ బద్ధకపు ప్రశ్నలే. మొదటి చలికాలం ఒక రైతు ట్రక్కుకి బ్లేడు తగిలించుకొచ్చి, నేను అడక్కుండానే కొట్టుముందు మంచంతా తోసేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మీ దేశానికి ఎప్పుడు వెళ్లిపోతావని కౌంటరు దగ్గర నిలబడి అడిగిందీ ఆయనే. ఆయన మంచివాడా చెడ్డవాడా అని మీరు తేల్చుకోండి. పాల గాలన్ ఎక్కడ కొంటాడన్నదే నాకు అన్నం పెట్టే ప్రశ్న.

మూడేళ్లయ్యాక ఊరి చివర ఒక చెయిన్ స్టోరు వెలిసింది. నేను హోల్‌సేల్‌లో కొనే ధరకన్నా తక్కువకి వాళ్లు రిటైల్లో అమ్ముతారు. నాకు వ్యాపారం చేతకాక కాదు. ఒకే సరుకుని పెద్ద కొట్టుకి ఒక ధరకీ, చిన్న కొట్టుకి ఇంకో ధరకీ అమ్మి పోటీని చంపకూడదని 1936లోనే రాబిన్సన్-పాట్మన్ చట్టం చేశారు. 1980ల నుంచి ప్రభుత్వం దాన్ని దాదాపు అటకెక్కించింది. రద్దు చేసి ఉంటే అదో సంగతి. రద్దూ చెయ్యలేదు. మరి దీన్ని మార్కెట్ సహజ న్యాయం అనేవాళ్లని ఏమనాలి?

అమ్మకాలు తగ్గేసరికి హోల్‌సేలరు కనీస ఆర్డరు లేకపోతే ట్రక్కు పంపనన్నాడు. దాంతో 35 మైళ్లు వ్యానులో వెళ్లి, అందరూ కొనే పెద్ద కొట్టులో కొని తెచ్చి, పైన పదో పరకో వేసి అమ్మేవాణ్ణి. అప్పుడు ఎక్కువగా బాధపడింది నేను కాదు, కారు నడపడం మానేసిన ముసలావిడలు. తాజా కూరగాయలు ఆ చెయిన్ స్టోరులో పెట్టరు.

రైతుని తిట్టలేను. తన మొక్కజొన్నకి ధర తను చెప్పలేడు. చికాగో చెప్పిన ధరే ఎలివేటరు దగ్గర బోర్డు మీద ఉంటుంది. పాల మీద మిగిలే డాలరు కోసం చూసుకుంటాడు. నేను మాత్రం కందిపప్పు కోసం కొలంబస్ పోలేదా?

ఇవన్నీ చెప్తే ఒక మిత్రుడు, "మరి ఇదంతా సింక్లెయిర్ లూయిస్ రాసేశాడుగా" అన్నాడు. రాశాడు. 1920లో 'మెయిన్ స్ట్రీట్' వస్తే మిన్నెసోటాలో ఆయన సొంతూరు సాక్ సెంటర్ మండిపడింది. తర్వాత అదే ఊరు తన వీధికి ఆ పుస్తకం పేరు తగిలించుకుంది. మనం ఆ పుస్తకంలోంచి ఇరుకు మనసుల్నీ, అంతకు ముందేడు వచ్చిన షేర్వుడ్ ఆండర్సన్ 'వైన్స్‌బర్గ్, ఒహాయో' లోంచి ఒంటరితనాన్నీ ఏరుకుని దాచుకున్నాం. ఆ ఆండర్సన్ ఒహాయోలోనే ఎలిరియా అనే టౌన్లో పెయింటు వ్యాపారి. 1912 నవంబరులో ఒకరోజు ఆఫీసులోంచి లేచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత క్లీవ్‌లాండ్‌లో, మతి చెదిరిన స్థితిలో దొరికాడు. మన వ్యాసాల్లో దీన్ని రచయిత విముక్తి అంటారు. నాకైతే ఆ పెయింటు లెక్కల పుస్తకం చూడాలనిపిస్తుంది. ఒంటరితనం గురించి అంతంత రాసే మనం అప్పు గురించి ఒక్క పేరా ఎందుకు రాయం? లెక్కలు రాస్తే సాహిత్యం మైలపడుతుందా?

కొట్టు మూసేసిన రోజు ఆ మంచు తోసిన రైతు వచ్చాడు. ఖాళీ అల్మారాల వంక చాలాసేపు చూశాడు. "ఊరన్నాక ఒక కొట్టు ఉండాలి, ఎందుకు మూసేస్తున్నావ్?" అన్నాడు. మిగిలిన ఒక్క పాల గాలన్ కౌంటరు మీద పెట్టాడు. నేను చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.