జోడీ లేని సహదేవుడు

మా హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే ఒక సెల్‌ఫోన్ చుట్టూ పదిమంది చేరతారు. అమెరికా మల్లులు ఒకరినొకరు ఎత్తి కుదేస్తుంటే ఇక్కడ మంచాలు అదురుతాయి. ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణే, దాచుకోవడమెందుకు? పక్క మంచం మీది మేధావి మాత్రం దుప్పటి కప్పుకుంటూ, "అంతా ముందే మాట్లాడుకున్న బోగస్ ఆటరా! చదువుకున్నోళ్లు చూసేదేనా అది?" అంటాడు. సోదర విద్యార్థులారా! ఆ మాటకు జవాబుగానే ఈ నాలుగు ముక్కలు.

ఈ ఆటలో నాకు ఇష్టమైనది ట్యాగ్ టీం. ఇద్దరిద్దరు జోడీగా తలపడతారు. బరిలో ఒకడే ఉండాలి. వాడు అలిసిపోతే తాళ్లవతల నిలబడిన జతగాడి చెయ్యి తాకాలి. అప్పుడే రెండోవాడు లోపలికి రావాలి. దాపటెద్దు సోలితే వలపటెద్దు కాడి మోసినట్లన్నమాట! సేద్యగాడి బిడ్డకు ఇది ఒకరు నేర్పక్కర్లేదు.

ఇప్పుడు కుస్తీ అంటే ఒకే ఒక్క కంపెనీ అన్నట్లుంది గానీ, పూర్వం అట్లా కాదు. 1948లో అమెరికా ప్రమోటర్లు కొందరు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకుని, దేశాన్ని సీమలుగా పంచుకున్నారు. ఏ సీమ బిరుదులు ఆ సీమకుండేవి. అట్లాంటిదే టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ వైపు నడిచిన సదరన్ ట్యాగ్ టీం ఛాంపియన్‌షిప్. మెంఫిస్ పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. అక్కడ శనివారం పొద్దున టీవీలో తగాదా పడేవారు. దాన్ని సోమవారం మెంఫిస్‌లో, మంగళవారం లూయివిల్‌లో, బుధవారం ఎవాన్స్‌విల్‌లో తీర్చుకునేవారు. అచ్చం మన వారపు సంతల వరసే! ఫ్యాబ్యులస్ వన్స్, రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ వంటి పేరుమోసిన జోడీలు 1982, 83లలో పుట్టింది అక్కడే.

1982లో తండ్రి దగ్గర కంపెనీ కొనుక్కున్న విన్స్ మెక్‌మహన్ కేబుల్ టీవీ అండతో ఆ సరిహద్దులన్నీ చెరిపేశాడు. 1985 మార్చి 31న న్యూయార్క్‌లో జరిగిన మొదటి రెజిల్‌మేనియాలో ఆఖరి పోటీ కూడా ట్యాగ్ పోటీయే. హల్క్ హోగన్, మిస్టర్ టీ ఒకవైపు, రాడీ పైపర్, పాల్ ఆర్న్‌డార్ఫ్ ఇంకోవైపు. ఆ వెలుగు ముందు సీమల దీపాలు ఒక్కొక్కటే కొండెక్కాయి. 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు ఆ కంపెనీయే తమది పోటీ కాదు, వినోదమని ఒప్పుకుంది. జనం చూడటం మానేశారా? లేదే! కాబట్టి ఆట నిజమా, బోగస్సా అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎవరి ఊరి ఆట అన్నదే ప్రశ్న.

2023 సెప్టెంబర్ 8న ఆ కంపెనీ హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చింది. ఆఖరి పోటీలో జాన్ సీనా, సెత్ రోలిన్స్ జోడీ గెలిచింది. ఇండస్ షేర్ అనే భారతీయ జోడీ కూడా బరిలోకి దిగింది. తెలుగు జోడీ మాత్రం లేదు. సొంత సర్కస్ కట్టి, గుండెల మీద ఏనుగును నిలిపిన కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేలలో చప్పట్లు కొట్టడమే మన వంతైంది!

మరి మనకు అట్లాంటి ఆట లేదా? చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. చివరినాడు మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ దగ్గర భీముడి వేషగాడు గద తిప్పుతాడు. దుర్యోధనుడు ఓడతాడని ఎవరికి తెలీదు? అయినా తొడ మీద దెబ్బ పడేదాకా మా జేజి లేవదు. ఆ భీముడు మరునాడు మడవ కడుతూ కనిపిస్తాడు. ఆ దుర్యోధనుడికి మేము పాలు పోస్తాము. ఇంత దగ్గరి ఆటను 'పల్లెటూరి చాదస్తం' అని నవ్వే మనమే, అమెరికా ఆటకు రాత్రంతా మేలుకుంటాము.

ఊరి ఆటంతా బంగారమని నేననను. ఎవరు ఏ వేషం కట్టాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అనేదాంట్లో కులం పట్టింపు చాలాచోట్ల ఉంది. మెంఫిస్‌లోనూ 1950ల చివర నల్లవాళ్లను పై మూలకు నెట్టేవారు. స్పుట్నిక్ మన్రో అనే తెల్లమల్లుడు, వాళ్లకు హాలంతా తెరిస్తేనే ఆడతానని మొండికేశాడు. టిక్కెట్టు రాబడి చూసి ప్రమోటర్ దిగొచ్చాడు. 1970లలో అదే మన్రో నార్వెల్ ఆస్టిన్ అనే నల్లమల్లుడితో జోడీ కట్టాడు. మన ఆటయితే మనం గొడవపడి దిద్దుకోగలం. సముద్రాల అవతలి ఆటను చూడగలమే గానీ దిద్దగలమా?

ఇంత రాసిన నేనేమి చేశానో కూడా చెప్పాలి. పోయిన వేసవిలో మా ఊరి పెద్దాయన ఇంటికొచ్చి, "నాయినా, నకులుడి వేషానికి మనిషి లేడు. పిల్లోళ్లంతా బెంగుళూరు, తిరుపతి అని పోతే ఎవురు కడతారప్పా? నువ్వు కట్టరాదా?" అన్నాడు. "పరీక్షలుండాయి మామా" అన్నాను. పరీక్షలయిపోయి అప్పటికి వారమైంది. బుగ్గలకు రంగు పూసుకుని నిలబడితే ఎవరన్నా ఫోటో తీసి హాస్టల్‌కు పంపుతారేమోనని సిగ్గు. ఆ రాత్రి సహదేవుడు ఒక్కడే ఆడాడు. నేను వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాను. జతగాడు లేకుండా బరిలో మిగిలిన మల్లుడి తీరు టీవీలో ఎన్నిసార్లు చూశానో! మా ఊళ్లో అట్లా ఒకణ్ణి నిలబెట్టింది నేనే.

ఈ వేసవికి నకులుడి వేషం నాదని పెద్దాయనకు కబురు పంపాను. మన యూనియన్ వారికి ఒక్క మనవి. వచ్చే వార్షికోత్సవానికి సినిమా పాటల డాన్సుల నడుమ ఒక గంట మన భారతం బృందానికి ఇవ్వండి. పక్క మంచం మేధావిని ముందు వరసలో నేనే కూర్చోబెడతాను.