బస్తాల మీద బురద

ఈ సంచిక ముఖచిత్రం 1/35 స్కేలు షెర్మన్ ట్యాంకు. 1944-45లో జర్మన్ ట్యాంకు విధ్వంసక ఆయుధాలైన పాంజర్‌ఫౌస్ట్‌ల నుంచి కాచుకోవడానికి అమెరికా 14వ ఆర్మర్డ్ డివిజన్ సైనికులు తమ షెర్మన్లకు ఇనుప చట్రాలు బిగించి ఇసుక బస్తాలు పేర్చారు. అదనపు బరువు ట్యాంకును పాడుచేస్తుందని జనరల్ ప్యాటన్ వాటిని ఒప్పుకోలేదు.

చాలామంది మోడలర్లు బస్తాలన్నిటికీ ఒకటే ఖాకీ పూసి వదిలేస్తారు. నాకది నచ్చదు. గోనె ఎండకు వెలిసిపోతుంది, తడికి ముదురుతుంది. ట్రాకులు చిమ్మే బురద కింది వరుసకే ఎక్కువ అంటుతుంది. అందుకే ఒక్కో బస్తాకు కాస్త తేడాగా లేత గోధుమ రంగు వేయండి. మడతల్లోకి పలచటి ఆయిల్ వాష్ దింపండి. ఆరాక, రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో కుట్ల అంచులను మాత్రమే తాకండి. బురద అన్నిటికన్నా చివర.

మీ ట్యాంకుల ఫొటోలు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.